చుక్కకి ఎడమవైపు

ఆ వేసవిలో నన్నొక మాట అడిగి, జవాబు కోసం ఆగే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆవిడ రోజూ అడిగేది ఒకటే ప్రశ్న. "ఏం కనిపించింది?" అది ఆవిడ పరిశోధనలో భాగం కాబట్టి అడిగేవారు, నా మీద ప్రేమ కొద్దీ కాదు. ఆ సంగతి తెలిసే, మధ్యాహ్నపుటెండలో గొడుగు వేసుకుని ఆ ప్రశ్న కోసం నడిచి వెళ్ళేదాన్ని.

అరవైల చివరి మాట. విజయనగరంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు పంతులమ్మగా చేరి అప్పటికి రెండో ఏడు. మా ఊరికి చీపురుపల్లి స్టేషన్లో దిగి లోపలికి నడవాలి. ఆ ఊళ్ళో మాకింక ఇల్లు లేదు. అమ్మ పోయాక అన్నయ్య ఉన్న కాస్త పొలమూ కౌలుకిచ్చేసి గరివిడి ఫ్యాక్టరీలో పనికి చేరాడు. రెండు గదుల క్వార్టరు, అందులో వాళ్ళు ఆరుగురు. నేను వెళ్తే వదిన మొహం చిట్లించేది కాదు. కానీ నేను వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్లవాడి పక్క వరండాలోకి మారేది. అది చూడలేక వెళ్ళడం తగ్గించాను. తగ్గించాక ఎందుకు రావడం లేదని వాళ్ళు అడగలేదు. అడుగుతారని ఎదురు చూశాను, సిగ్గు విడిచి చెప్తున్నాను.

మూడు లాంతర్ల కూడలికి కొంచెం అవతల ఒక షావుకారుగారింట్లో పెరటి గదిలో అద్దెకుండేదాన్ని. స్కూలుకి సెలవులిచ్చిన అయిదో రోజున షావుకారుగారి భార్య గుమ్మంలో నిలబడింది.

"ఏటి పంతులమ్మా, ఇస్కూలు మూసీసినారు కదా, ఊరెల్లవేటి?"

"వెళ్తానండీ. రెండు రోజులాగి."

"రెండ్రోజులేటి, నాలుగు రోజుల్నుంచీ అదే సెప్తన్నావు. మీ వొదినేటైనా అందేటి?"

"అబ్బే, అదేం లేదండీ" అన్నాను. ఆవిడ మంచి మనిషే. అరుగు మీద కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పడానికి ఆవిడెప్పుడూ సిద్ధమే. దూరం నావైపు నుంచి వచ్చింది. నేను తెలుగు పంతులమ్మని. క్లాసులో పిల్లలు 'సెప్తాను' అంటే 'చెప్తాను' అని దిద్దేదాన్ని, 'ఏటి' అంటే 'ఏమిటి' అని పలికించేదాన్ని. దిద్దీ దిద్దీ నా మాట కూడా ఇస్త్రీ పెట్టిన చీరలా తయారైంది. నలుగురిలో కూర్చుంటే నలిగిపోతుందేమో అన్నట్టు ఉండేదాన్ని. అవతలివాళ్ళు నాతో ఇంటి మాట మాట్లాడితే నేను పుస్తకంలో మాట జవాబిచ్చేదాన్ని. కాసేపటికి వాళ్ళకీ ఉక్కబోసి లేచి వెళ్ళిపోయేవారు.

అలాంటప్పుడు మా హెడ్‌మిస్ట్రెస్ కబురు పంపింది. ఆవిడకి దూరపు చుట్టం, గుంటూరు వైపు అమ్మాయి, మనస్తత్వశాస్త్రంలో రీసెర్చ్ చేస్తోందట. వేసవిలో ఖాళీగా ఉన్న మా సైన్సు గది అడిగి తీసుకుందట. రోజూ తప్పకుండా వచ్చి కూర్చునే మనుషులు కావాలిట. మొదట్లో నాతోపాటు ఇంకో నలుగురు టీచర్లు వచ్చారు. కిటికీలకి నల్లగుడ్డలు కట్టిన గది, ఉడుకు, పైగా పెళ్ళిళ్ళ రోజులు. ఒకరికి తోటికోడలి కూతురి పెళ్ళి, ఒకరికి చంటిబిడ్డ. ఒక్కొక్కరే మానేశారు. నాకు మానెయ్యడానికి వంక ఒక్కటీ దొరకలేదు. వెతకనూ లేదు.

ఆ గదిలో పెట్టిన యంత్రానికి ఇంగ్లీషులో నోరు తిరగని పేరొకటి ఉండేది. మేం పెట్టె అనేవాళ్ళం. నల్లరంగు వేసిన చెక్కపెట్టె. గడ్డం ఆనించుకోవడానికి ఒక పలక, కళ్ళకి రెండు కన్నాలు. లోపలికి చూస్తే మసక వెలుతుర్లో తెల్లటి అట్ట, మధ్యలో ఒక నల్లచుక్క. రీసెర్చ్ చేసే ఆవిడ పెట్టెకి అవతలివైపు కూర్చునేవారు.

"చుక్కనే చూడండి టీచర్‌గారూ. సిద్ధమా?"

టక్కుమని చప్పుడయ్యేది. చుక్కకి కుడివైపో ఎడమవైపో ఒక మాట మెరిసి పోయేది. కన్ను అటు తిప్పేలోపే పోయేది. తిప్పకూడదనే అంత తొందరగా తీసేసేవారు. ఎటు మెరుస్తుందో ముందు తెలియదు.

"ఏం కనిపించింది?"

మొదటిరోజే నా పరువు పోయింది. కుడివైపు 'పలక' మెరిస్తే 'పలక' అనేశాను. ఎడమవైపు మెరిసినవాటికి తోకలు తప్ప ఏమీ అందలేదు. "చివర్లో 'క' ఉందండీ." "ఏదో కొమ్ముందండీ, 'గు' కాబోలు." కుడివైపంతా చదువుకున్న మనిషిని, ఎడమవైపంతా వేలిముద్ర వేసే నిశానీని. పిల్లలకి మార్కులు వేసే దాన్ని, నాకే సగం మార్కులొస్తే ఎలా ఉంటుంది? ఒళ్ళు మండింది.

"నా ఎడమకన్ను పాడైందా?" అని అడిగాను.

ఆవిడ నవ్వారు. "కంటి గొడవ కాదండీ. రెండు కళ్ళూ రెండువైపులా చూస్తాయి. కానీ చుక్కకి ఎడమవైపు కనిపించింది ముందు మెదడులో కుడిసగానికి చేరుతుంది. మాటల పని చాలామందిలో ఎడమసగానిది. అందుకని ఎడమవైపు మాట చుట్టు తిరిగి రావాలి, ఆలోగా చెరిగిపోతుంది అంటారు కొందరు. అదేం కాదు, ఎడమ నుంచి కుడికి చదివే అలవాటే కారణం అంటారు ఇంకొందరు. ఉర్దూ చదివేవాళ్ళని కూడా కూర్చోబెట్టి చూడాలని నా ఆశ."

నాకు రెండో కారణమే నచ్చింది. కుడివైపు మెరిసిన మాటకి మొదటి అక్షరం చుక్కని ఆనుకుని ఉంటుంది. ఎడమవైపు మాటకి చివరి అక్షరం ఆనుకుని ఉంటుంది, మొదటిది దూరంగా అంచున ఉంటుంది. మొదలు తెలియకుండా ఏ మాటనైనా ఏం పోల్చుకుంటాం?

"మరి మీరు కొత్తగా చూసేదేంటి?"

"సాధన. ఒకే మనిషి రోజూ చూస్తూ ఉంటే ఎడమ పుంజుకుని కుడిని అందుకుంటుందా? అందుకుంటే నిలబడుతుందా? అది చూడాలి."

"అందుకున్నాక?"

"అందుకుంటే ఇంకేముందండీ, నేను పెట్టె సర్దేసుకోవచ్చు."

అప్పుడు నేనూ నవ్వాను. నా ఎడమవైపు పరిస్థితి చూస్తే అదంతా ఎప్పటి మాటో అనిపించింది.

పంతం పట్టాను. గదిలో గోడమీద కుంకుమతో చుక్క పెట్టి, దానికి ఎడమపక్క పాత పాఠ్యపుస్తకంలోంచి చింపిన కాగితం అతికించి, చుక్క మీంచి చూపు తిప్పకుండా ఆ కాగితం చదవడానికి ప్రయత్నించేదాన్ని. ఒకరోజు షావుకారుగారి భార్య చూడనే చూసింది.

"ఒలమ్మో! గోడకి బొట్టెట్టి అలా కన్నార్పకుండా సూత్తన్నావేటి? ఏ సామీజీ సెప్పినాడు?"

"కంటికి మంచిదండీ."

"కంటికైతే పొన్నగంటికూర తినాల. గోడని సూత్తే ఏటొస్తాది?"

మర్నాడు నిజంగానే పొన్నగంటికూర పంపించింది. నేను గిన్నె కడిగి ఇస్తూ "కృతజ్ఞతలండీ" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే నాలుక కొరుక్కోవాలనిపించింది. ఆవిడ గిన్నె తీసుకుని "ఊ" అని లోపలికి వెళ్ళిపోయింది. గోడ సంగతి మా రీసెర్చ్ అమ్మాయికి చెప్తే కదలకుండా కూర్చున్న మాటని ఎంతసేపు చూసినా అది వేరు, మెరుపులో చూడటం వేరు అని కొట్టిపారేశారు. కాగితం పీకేశాను.

ఒక వారం గడిచిందేమో. ఆవిడ ఒకరోజు పని మొదలుపెట్టకుండా తను రాసుకున్న లెక్కలు ముందేసుకుని కూర్చున్నారు. మొహంలో ఉత్సాహం.

"టీచర్‌గారూ, మీలో ఒక విచిత్రం కనిపెట్టాను. మీ తప్పుల్లో ఎక్కువ భాగం 'చ' దగ్గరే. 'చ'ని మీరు 'స'గా చూస్తున్నారు. కుడివైపు కూడా! 'చాప' ఇస్తే 'సాప' అన్నారు. 'చెరువు' ఇస్తే 'సెరువు' అన్నారు. ఆ రెండక్షరాల ఆకారం ఏమాత్రం కలవదు. మరి కన్ను ఎక్కడ పొరబడుతోందో! ఇది విడిగా రాయాల్సిన సంగతి."

ఆవిడ చాలా శ్రద్ధగా 'చ'నీ 'స'నీ పెద్దగా రాసి, పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. నాకు ఒక్కసారిగా అర్థమైపోయింది. నేను చాపని చాపగానే చూశాను. చెప్పడానికి వ్యవధి లేకపోయేసరికి, ఇస్త్రీ పెట్టుకునే తీరిక లేకపోయేసరికి, నోరు మా ఊరెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి దిద్దుకున్నదంతా ఆ టక్కుమన్న చప్పుడికి ఎగిరిపోయింది. నేనేమన్నానో నా చెవికే తెలియలేదు.

"కంటి తప్పు కాదండీ" అన్నాను. "నోటి తప్పు. మా వైపు చాపని సాపే అంటారు."

ఆవిడ కలం కింద పెట్టారు. పకపకా నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, తరవాత నాకూ నవ్వాగలేదు. ఆవిడ నెత్తి కొట్టుకుని, పాత తప్పులన్నీ ఒప్పులుగా దిద్దుకున్నారు. "ఇక మీదట మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే అనెయ్యండి. నేను సరిచేసుకుంటాను. మాట సరిగ్గా పలకాలని చూస్తే ఆలస్యమవుతుంది."

నేను ఇంటి మాట మాట్లాడటానికి అలా నాకు అనుమతి దొరికింది, ఒక గుంటూరు మనిషి దగ్గర, చీకట్లో.

ఆ రోజు నుంచి ఆ గదిలోకి వెళ్తుంటే ఒంట్లో ఏదో వదులైనట్టుండేది. సీర, సీమ, సింతపండు. ఒక్కొక్క మాట అంటుంటే అమ్మ గొంతు వినిపించేది. "ఒసే, సీకటడిపోతన్నాది, రాయే" అని పొలంగట్టు మీంచి కేకేసే గొంతు. అమ్మ పోయినప్పుడు నేను వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళిస్తూ, శుద్ధమైన భాషలో జవాబులు చెప్తూ తిరిగాను. ఆ తరవాత కూడా సరిగ్గా ఏడవలేదు. పెట్టెలో కళ్ళు పెట్టి చేటని 'సేట' అనబోతే మాట సగంలోనే తెగిపోయింది. "ఏం కనిపించింది? మళ్ళీ చెప్పండి" అన్నారు ఆవిడ. మళ్ళీ చెప్పాను.

మధ్యలో కరెంటు పోయేది. పెట్టెలో బల్బు ఆరిపోయి, మళ్ళీ వచ్చేదాకా ఆ చీకట్లోనే కూర్చునేవాళ్ళం. కిటికీ గుడ్డలు విప్పితే మళ్ళీ కట్టడం పెద్ద పని. ఒకరోజు నేను పనసతొనలు తీసుకెళ్ళాను. ఇద్దరం చీకట్లో తడుముకుంటూ తిన్నాం.

"మీ ఇంట్లో చెట్టుందా?" అని అడిగారు.

"ఉండీదండి. మాయమ్మ పనసపండు కోసీటప్పుడు సేతులకి నూనె రాసుకోండర్రా అని అరిసీది. మాం ఇనీవోళ్ళం కాదు. జిగురంటుకుంటే కిరసనాయిలెట్టి రుద్దీది."

ఆవిడ నవ్వి, "మీరు ఇలా మాట్లాడుతుంటే బావుంది" అన్నారు. అంతే. తనవాళ్ళ గురించి ఆవిడేమీ చెప్పలేదు. చెప్తారేమోనని ఎదురు చూశాను. కరెంటు వచ్చింది. తరవాత రెండు రోజులు మాటలు రాసిన అట్టలన్నీ పనసపండు వాసన కొట్టాయి.

ఈలోగా ఎడమవైపు కదలడం మొదలైంది. ఎలా మొదలైందో చెప్పలేను. తోకలు కనిపించే చోట నడుములు కనిపించాయి. ఆ తరవాత ఒకరోజు 'మంచం' అని మొత్తం మాట, రెండు సున్నలూ సహా, దానంతట అదే వచ్చి నిలబడింది. నేను చదివానని కూడా అనలేను. తెలిసిపోయిందంతే. వీధిలో నడుస్తుంటే కూడా తేడా తెలిసేది. నిటారుగా ముందుకు చూస్తూనే, ఎడమపక్క అరుగు మీద ఒకావిడ ఇంకొకావిడకి తల దువ్వుతోందనీ, దువ్వించుకునే ఆవిడ కళ్ళు మూసుకుని ఉందనీ తెలిసేది. ఇదివరకు ఆ వీధిలో అన్నాళ్ళు నడిచినా నాకు అరుగులే కనిపించలేదు. ఇప్పుడు కనిపించి ఏం చెయ్యాలో తోచేది కాదు. ఆగి పలకరించే ధైర్యం లేదు. త్వరగా నడిచి వెళ్ళిపోయేదాన్ని.

ఆవిడ గళ్ళకాగితం మీద రెండు గీతలు గీసుకునేవారు. కుడివైపుది పైన, ఎడమవైపుది కింద. నేను వెళ్ళేసరికి చూపించి "చూశారా, ఎలా ఎక్కుతోందో!" అని మురిసిపోయేవారు. కుడి కూడా సాధనతో కొంచెం పెరిగింది గానీ త్వరగానే ఆగిపోయింది. ఎడమ మాత్రం ఎక్కుతూ వచ్చింది. మధ్యలో ఉన్న ఖాళీ సన్నబడుతోంది. ఆవిడకి అది సంతోషం. నాకు దిగులు. ఆ ఖాళీ ఉన్నన్నాళ్ళే నాకు ఆ గది.

తప్పు చెప్పెయ్యవచ్చు కదా అని నాకు తోచకపోలేదు. ఎడమవైపు మెరిస్తే 'తెలియలేదండీ' అంటే చాలు. ఎవరికి తెలుస్తుంది? ఒకరోజు ఆ ఉద్దేశంతోనే వెళ్ళి కూర్చున్నాను. గడ్డం ఆనించి, చుక్కని చూస్తూ, 'తెలియలేదండీ' అన్న మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను. టక్కుమంది. ఎడమవైపు.

"సీపురు" అంది నా నోరు.

"భేష్!" అన్నారు అవతల్నుంచి.

ఇంకోటి మెరిసింది. "ఈసారి గట్టిగా పట్టుకుంటాను" అనుకునేలోపే అదీ బయటపడింది. నోటికి తాళం వేసేంత తీరిక ఆ పెట్టె ఇచ్చేది కాదు. అబద్ధం ఆడాలంటే ముందు ఒక్క క్షణం ఆగాలి. అన్నాళ్ళూ ఆవిడ నాకు నేర్పింది ఆగకుండా ఉండటమే. నా కన్ను నేర్చుకున్నదాన్ని ఇక నేను దాచలేను. ఆ సంగతి అర్థమయ్యాక చాలా బెంగపడ్డాను, కానీ ఆ మాటలన్నీ సరిగ్గానే చెప్పాను.

గీతలు రెండూ ఒకచోటికి వచ్చాయి. ఇంకొన్నాళ్ళు నిలబడతాయో లేదో చూడాలన్నారు. నిలబడ్డాయి. ఆ నిలబడ్డ రోజులు నేను గదికి ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చునేదాన్ని.

చివరిరోజు అట్టలన్నీ అయ్యాక ఆవిడ లేచి చకచకా కిటికీ గుడ్డలు విప్పేశారు. సాయంత్రపు ఎండ గదంతా పడింది. అంతకాలం చీకట్లో చూసిన ఆ గది అంత చిన్నదని నాకు తెలియదు. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"అయిపోయిందండీ! ఎడమ కుడిని అందుకుంది, నిలబడింది కూడా. మీరు లేకపోతే నా పని ఇక్కడే ఆగిపోయేది. మిగిలినవాళ్ళందరూ మానేశారు, మీరొక్కరే రోజూ వచ్చారు. మీ ఓపికకి దణ్ణం పెట్టాలి!"

ఓపిక! రాకుండా ఉండలేక వచ్చానని ఎలా చెప్పను? కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగి కారాయి.

"అయ్యో, మండుతున్నాయా? చీకట్లోంచి ఒక్కసారి వెలుతురు చూస్తే అంతే. ఇంటికెళ్ళి చన్నీళ్ళతో కడుక్కోండి."

ఆవిడ పెట్టెకి తాడు చుట్టడం మొదలుపెట్టారు. రైలుకి ఇంకా టైముందని, రిక్షా చెప్పేశానని ఏదో అంటున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. అడగకూడదనే అనుకున్నాను. ఆ మాట కూడా నన్నడక్కుండానే వచ్చేసింది.

"రేపు ఈ యేలకి నానెక్కడికెల్లాలండీ?"

ఆవిడ తాడు ముడివేస్తూ తలెత్తారు. మా మాట ఆవిడకి అప్పటికి బాగా అలవాటైంది. అక్షరం పొల్లుపోకుండా అర్థం చేసుకున్నారు.

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదండీ" అన్నారు నవ్వుతూ, నా నెత్తిమీది బరువు దించుతున్న మనిషిలాగా. "రేపట్నుంచి హాయిగా ఇంటిపట్టున ఉండండి."

"మంచిదండీ, వెళ్ళొస్తాను" అన్నాను, ఏ ఊరిదో ఎవరూ పోల్చుకోలేని తెలుగులో.